తీరం ఒక అమానత్: విశాఖపట్నం ఇసుక, నీరు, చెట్టు

సహీహ్ బుఖారీలోని ఒక హదీసులో ఓడ దృష్టాంతం ఉన్నది. కొందరు ప్రయాణీకులు చీట్లు వేసుకొని ఓడలో స్థానాలు పంచుకుంటారు. కొందరికి పై అంతస్తు, కొందరికి కింది అంతస్తు లభిస్తుంది. కిందివారు నీటి కోసం ప్రతిసారీ పైకి వెళ్లవలసి వస్తుంది. పైవారికి ఇబ్బంది కలిగించడమెందుకు, తమ వాటాలోనే ఒక రంధ్రం చేసుకుంటే సరిపోతుంది గదా అని వారు ఆలోచిస్తారు. పైవారు ఊరకుంటే అందరూ మునిగిపోతారని, చేయి పట్టుకొని ఆపితే అందరూ బ్రతుకుతారని దైవప్రవక్త ముహమ్మద్ (స) హెచ్చరించారు.

ఈ దృష్టాంతంలో దుర్మార్గుడు ఒక్కడూ లేకపోవడం గమనార్హం. కిందివారి దాహం నిజమైనదే. ఇతరులను బాధించరాదన్న వారి ఉద్దేశం కూడ మంచిదే. వారు తవ్వదలచినది తమ వాటాలోనే. పొరపాటు ఒక్కటే: స్థానాలు పంచుకోవచ్చును గాని ఓడ అడుగుభాగాన్ని పంచుకోవడం సాధ్యం కాదు. అది అందరిదీ.

సముద్రతీర నగరాల నేటి సమస్య సరిగ్గా ఇదే. భూమికి పట్టాలుంటాయి, రేవుకు హద్దులుంటాయి, కర్మాగారానికి ప్రహరీ ఉంటుంది. కాని తీరం వెంట ప్రయాణించే ఇసుకకు, నేల కింద నిలిచే మంచినీటికి, గాలిని అడ్డుకొనే చెట్టుకు హద్దులు లేవు. నగరమనే ఓడకు ఈ మూడూ అడుగు చెక్కలు. వీటిని కాపాడుకోవడం, వాతావరణ మార్పును తట్టుకోవడం రెండు వేర్వేరు పనులు కావు. విశాఖపట్నం అనుభవం ఈ విషయాన్ని స్పష్టంగా తెలుపుతుంది.

ద్వీపం వంటి నగరం

విశాఖపట్నం ద్వీపం కాదు. అయినా దాని స్థితి అనేక విధాల ద్వీపాన్ని పోలి ఉన్నది. తూర్పున బంగాళాఖాతం, ఉత్తరాన కైలాసగిరి, కంబాలకొండ, సింహాచలం కొండల వరుస, దక్షిణాన యారాడ కొండ. ఈ యారాడ కొండ సముద్రంలోకి చొచ్చుకుపోయిన కొనకే డాల్ఫిన్ నోస్ అని పేరు. గోదావరి, కృష్ణ వంటి మహానది ఏదీ ఈ నగరం మధ్యగా ప్రవహించదు. కొండల మీద కురిసిన వాన గెడ్డలుగా దిగివచ్చి త్వరగా సముద్రంలో కలిసిపోతుంది. ఏడాదికి సగటున సుమారు 1000 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. అందులో అధిక భాగం కొద్ది మాసాలలోనే వస్తుంది.

రేవు ముఖద్వారం వద్ద మూడు చిన్న కొండలు ప్రక్కప్రక్కనే ఉన్నవి. ఒకదానిపై ఇసాక్ మదీనా వారి దర్గా, ఒకదానిపై మేరీమాత చర్చి, మరొకదానిపై వేంకటేశ్వరస్వామి ఆలయం. వాటి పాదాల చెంతనే ఓడలు లోపలికి వస్తవి. ఒక కాలంలో ఆ లోపలి భాగమంతా మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసే చోట ఏర్పడిన ఉప్పు చిత్తడి నేల. దానిని తవ్వి నిర్మించిన రేవును 1933 డిసెంబరు 19న వైస్రాయి లార్డ్ వెల్లింగ్డన్ ప్రారంభించాడు. 1971 జనవరిలో ఇందిరాగాంధీ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు దానిని జాతికి అంకితం చేశారు. రేవు, ఉక్కు కలసి ఒక చిన్న పట్టణాన్ని మహానగరంగా మార్చినవి. లక్షల కుటుంబాలకు అన్నం పెట్టినవి. ఈ మేలును ఎవరూ కాదనలేరు. కాని కొండకూ కడలికీ మధ్య ఉన్న ఇరుకైన నేల మాత్రం పెరగలేదు. దానిపై భారం పెరిగింది.

ఇసుక అనే నది

సముద్రపు ఒడ్డున ఇసుక కదలకుండా పడి ఉంటుందని చాలామంది భావిస్తారు. నిజానికి అది ప్రవాహం. అలలు సాధారణంగా తీరాన్ని ఏటవాలుగా తాకుతవి. అల ఇసుక రేణువును ఏటవాలుగా పైకి తోస్తుంది. వెనుదిరిగే నీరు దానిని నేరుగా కిందికి లాగుతుంది. తిరిగి మరొక అల. ఈ విధంగా రేణువు రంపపు పళ్ల వంటి దారిలో తీరం వెంట సాగుతుంది. విశాఖ తీరంలో నైరుతి ఋతుపవన కాలంలో ఈ ప్రయాణం దక్షిణం నుండి ఉత్తరానికి జరుగుతుంది. ఈశాన్య గాలుల కాలంలో కొంత ఇసుక వెనుకకు వస్తుంది. మొత్తం మీద లెక్క చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. ఏటా లక్షల టన్నుల ఇసుక ఈ విధంగా తీరం వెంట నడుస్తుంది.

అందుచేత ఒక ఒడ్డున కనిపించే ఇసుక ఆ ఒడ్డు సొంత ఆస్తి కాదు. అది దక్షిణం నుండి వచ్చినది, ఉత్తరానికి పోవలసినది. వచ్చేది, పోయేది సమానంగా ఉన్నంతకాలం ఒడ్డు నిలుస్తుంది. రాక ఆగిపోయి పోక మాత్రం సాగితే ఒడ్డు కరగిపోతుంది.

రేవు నిర్మాతలకు ఈ సంగతి మొదటినుండీ తెలుసు. రేవు దారి ఈ ఇసుక ప్రవాహానికి అడ్డంగా ఉన్నది. ఊరకుంటే దారి పూడిపోతుంది. అందుచేత 1933 నాటి ఇంజనీర్లు రెండు పాత ఓడలను రాళ్లతో నింపి, ముఖద్వారానికి దక్షిణంగా సముద్రంలో ముంచి, అలలకు ఒక అడ్డుకట్ట కట్టారు. దానిని ద్వీపపు అడ్డుకట్ట అని పిలిచేవారు. దాని చాటున అలల జోరు తగ్గి ఇసుక ఆగుతుంది. ఆగిన ఇసుకను తవ్వోడలతో తీసివేయవచ్చును. ఆ విధంగా విశాఖ వద్ద మనిషి చేసిన ఒక చిన్న ద్వీపం వెలిసింది.

1976లో బయటి రేవు వాడకంలోకి వచ్చింది. పెద్ద ఓడల కోసం సముద్రంలోకి పొడవైన అడ్డుకట్టలు నిర్మించారు. వాటి ప్రక్కన ఇసుకను పట్టే గుంటను ఏర్పాటు చేశారు. అక్కడ చేరిన ఇసుకను తవ్వి, రేవుకు ఉత్తరాన ఉన్న తీరానికి, అంటే రామకృష్ణా బీచి వైపునకు, చేర్చే పద్ధతి వచ్చింది. అదే 1976లో ఏర్పడిన డ్రెడ్జింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా కార్యస్థానం కూడ విశాఖయే. ప్రకృతి ఉచితంగా చేస్తూ వచ్చిన పనిని ఇక డబ్బు ఖర్చు చేసి యంత్రంతో చేయవలసి వచ్చింది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. తవ్విన ఇసుకను తిరిగి తీరానికి చేర్చడం దానం కాదు, అది బాకీ తీర్చడం. ఉత్తరపు ఒడ్డుకు సహజంగా అందవలసిన ఇసుకను అడ్డుకట్ట ఆపింది గనుక ఆపినవారే దానిని దాటించవలసి ఉన్నది. ఆలస్యమైన ప్రతి సంవత్సరం ఒడ్డు తన మూలధనం నుండి చెల్లిస్తుంది. ముందుగా ఇసుక పోతుంది, తరువాత రక్షణ గోడ పునాది బయటపడుతుంది, ఆపైన రోడ్డు అంచు కుంగుతుంది. రామకృష్ణా బీచి ప్రాంతంలో ఇటీవలి దశాబ్దాలలో ఈ మూడు దశలూ కనిపించినవి.

కోతకు గురైన చోట గోడ కట్టడం సులభమైన ఉపాయంగా కనిపిస్తుంది. గోడ తన వెనుక ఉన్న రోడ్డును కొంతకాలం కాపాడుతుంది. కాని దానిని తాకి వెనుదిరిగిన అల ముందున్న ఇసుకను మరింతగా ఊడ్చుకుపోతుంది, గోడ చివర నుండి కోత ప్రక్క ఊరికి జరుగుతుంది. ఒకరి వాటాలో గోడ, పొరుగువారి వాటాలో రంధ్రం. ఇందువలన ముందుగా నష్టపోయేది జాలరిపేటలు. తెప్పలు, పడవలు లాగి నిలుపుకోవడానికి, వలలు ఆరబెట్టుకోవడానికి, చేపలు ఎండబెట్టుకోవడానికి వారికి ఒడ్డే పొలం, ఒడ్డే కళ్లం. ఆ ఒడ్డు పోతే రికార్డులలో ఏ పట్టా రద్దు కాదు, కాని బ్రతుకుతెరువు రద్దవుతుంది.

ఇది ఒక్క విశాఖ సమస్య కాదు. 1990 నుండి 2018 వరకు దేశ తీరరేఖను పరిశీలించిన జాతీయ తీర పరిశోధన కేంద్రం, సుమారు మూడింట ఒక వంతు తీరం కోతకు గురవుతున్నదని తేల్చింది. నదులపై ఆనకట్టలు ఇసుకను ఆపుతవి, నదీగర్భంలో తవ్వకాలు దానిని ఇళ్ల నిర్మాణానికి తరలిస్తవి, తీరంలో అడ్డుకట్టలు మిగిలినదానిని నిలుపుతవి. దీనికి తోడు సముద్రమట్టం పెరుగుతున్నది. 1901 నుండి 2018 వరకు ప్రపంచ సముద్రమట్టం సగటున సుమారు 20 సెంటీమీటర్లు పెరిగిందని అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల నివేదిక తెలుపుతున్నది. 2006 తరువాత ఈ పెరుగుదల వేగం ఏడాదికి 3.7 మిల్లీమీటర్లకు చేరింది. ఇసుక పుష్కలంగా ఉన్న ఒడ్డు ఈ మార్పుకు తగినట్లు తనను తాను సర్దుకోగలదు. ఇసుక కరవైన ఒడ్డుకు ఆ శక్తి ఉండదు.

నేల కింది మంచినీరు

రెండవ అడుగు చెక్క కంటికి కనిపించదు. అది భూగర్భజలం.

సముద్రానికి దగ్గరగా ఉన్న నేలలో మంచినీరు, ఉప్పునీరు రెండూ ఉంటవి. మంచినీరు తేలిక గనుక ఉప్పునీటి పైన తేలుతుంది. ఈ రెండింటి బరువుల మధ్య తేడా నలభైలో ఒక వంతు మాత్రమే. దీని నుండి ఒక ముఖ్యమైన సూత్రం వెలువడింది. సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీరు నిలిచి ఉంటే, దాని కింద సుమారు 40 అడుగుల లోతు వరకు మంచినీరే ఉంటుంది. వినడానికి ఇది ఎంతో ఉదారంగా ఉన్నది. కాని లెక్కను తిరగవేసి చూడాలి. అతిగా తోడడం వలన మట్టం ఒక అడుగు తగ్గితే, కాలక్రమంలో కిందినుండి ఉప్పునీరు 40 అడుగులు పైకి వస్తుంది. ఒకసారి ఉప్పెక్కిన బావి తిరిగి తియ్యబడడానికి ఎన్నో వర్షాకాలాలు పట్టవచ్చును.

ఈ సూత్రం లక్షద్వీప్‌కు, విశాఖకు ఒకే విధంగా వర్తిస్తుంది. లక్షద్వీప్ దీవులలో నదులు లేవు. పగడపు ఇసుక కింద కటకం ఆకారంలో తేలే పలుచని మంచినీటి పొరే అక్కడి బావులకు ఆధారం. జనం పెరిగి, మోటారు పంపులు వచ్చిన తరువాత అది చాలకపోయింది. 2005లో కవరత్తిలో సముద్రపు లోతులలోని చల్లని నీటిని ఉపయోగించి, రోజుకు లక్ష లీటర్ల ఉప్పునీటిని మంచినీరుగా మార్చే కేంద్రాన్ని నెలకొల్పారు. శాస్త్రజ్ఞుల ఈ కృషి ప్రశంసనీయమే. అయినా అల్లాహ్ వర్షం ద్వారా ఉచితంగా ఇచ్చిన దానిని యంత్రం ద్వారా పొందడానికి ఎంత శ్రమ, ఎంత ఇంధనం అవసరమో ఈ ఉదాహరణ తెలుపుతుంది.

విశాఖ తన దాహం తీర్చుకోవడానికి దూరాలకు చేయి చాచింది. ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ దగ్గరివి. తాటిపూడి జలాశయం గోస్తనీ నదిపై, రైవాడ జలాశయం శారదా నదిపై ఉన్నవి. ఉక్కు కర్మాగారం కోసం ఏలేరు జలాశయం నుండి 150 కిలోమీటర్లకు పైగా కాలువ తవ్వి కణితి వద్ద నీటిని నిలువచేశారు. ఈ నీటిలో ప్రతి బిందువు మరొక ప్రాంతపు రైతు పొలం ప్రక్కగా ప్రవహించి వచ్చినదే. నగరం తన కొండల మీది వానను గెడ్డల గుండా సముద్రానికి వదలివేసి, దూరపు నీటి కోసం ఎదురుచూడడం విచారించవలసిన విషయం.

విశాఖ, భీమిలి మధ్యనున్న ఎర్రమట్టి దిబ్బలు ఈ సందర్భంలో ప్రస్తావించదగినవి. వేల సంవత్సరాలుగా గాలి, సముద్రం కలసి పేర్చిన ఎర్రని ఇసుక గుట్టలు ఇవి. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ వీటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. చూడడానికి ఎడారి వలె కనిపించినా ఇవి వాననీటిని పీల్చుకొనే స్పాంజి వంటివి. ఇటువంటి దిబ్బను చదును చేసి కట్టడం కడితే పోయేది ఒక దృశ్యం మాత్రమే కాదు, వాన నేలలోకి దిగే దారి కూడ మూసుకుపోతుంది.

దివ్య ఖుర్‌ఆన్‌లోని అల్-ముమినూన్ సూరా, ఆకాశం నుండి నీరు ఒక పరిమాణంలో దింపబడి భూమిలో నిలుపబడిందని, దానిని తొలగించే శక్తి కూడ దింపినవానికి ఉన్నదని తెలుపుతుంది. పరిమాణం, నిలుపుదల, తొలగింపు — ఈ మూడు మాటలు భూగర్భజలం చరిత్ర మొత్తాన్ని చెబుతవి. అక్కడి మాట పరిమితి లేని సంపదను గురించి కాదు, కొలిచి ఇచ్చిన దానిని గురించి.

చెట్టు, కొండ, తుఫాను

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకింది. ఈ పేరును సూచించిన దేశం ఒమాన్. హుద్‌హుద్ ఒక పక్షి. సులైమాన్ ప్రవక్త (అలైహిస్సలాం) వద్దకు సబా దేశపు సమాచారం తెచ్చిన పక్షిగా అన్-నమ్ల్ సూరాలో దాని ప్రస్తావన ఉన్నదని పాఠకులకు విదితమే. గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో గాలులు వీచినవి. విమానాశ్రయం పైకప్పు ధ్వంసమైనది. నగరం రోజుల తరబడి విద్యుత్తు, నీరు లేకుండా గడిపింది. కంబాలకొండ అడవిలోను, నగర వీధులలోను, ఉక్కు కర్మాగారం లక్షలుగా నాటి పెంచిన వనాలలోను లెక్కలేనన్ని చెట్లు నేలకూలినవి. ముందస్తు హెచ్చరికలు, ఖాళీ చేయించడం వలన ప్రాణనష్టం బాగా తగ్గింది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలమంది మరణించిన సంగతి జ్ఞాపకం ఉన్నవారికి ఈ తేడా విలువ తెలుస్తుంది.

ఈ తుఫాను కూడ ఒక సమాచారం తెచ్చింది. నేలలో లోతుగా పాతుకొనని వేరు, త్వరగా పెరగడం కోసమే ఎంచుకొన్న మెత్తని చెట్టు, కాంక్రీటు మధ్య చిన్న గుంటలో నాటిన మొక్క గాలికి నిలువలేవు. తీరప్రాంతానికి సహజమైన తాటి, వేప, కానుగ వంటివి, ఉప్పుటేరుల వెంట మడ చెట్లు వందల ఏళ్లుగా ఈ గాలులకు అలవాటు పడినవి. కొండవాలు చెట్టు పని కూడ తుఫానుతో ముగియదు. వేరు మట్టిని పట్టి ఉంచితేనే వాన నేలలోకి ఇంకుతుంది. వేరు పోతే అదే వాన మట్టిని కోసుకుంటూ గెడ్డలోకి, గెడ్డ నుండి రేవులోకి దిగుతుంది. ఆ మట్టిని తవ్వడానికి మళ్లీ తవ్వోడలు కావాలి. ఆ విధంగా చెట్టు, నీరు, ఇసుక ఒకే గొలుసులోని కొక్కీలు.

బంగాళాఖాతం వేడెక్కుతున్నకొద్దీ తుఫానులు బలం పుంజుకొనే అవకాశం పెరుగుతుందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. ఈ వేడికి మూలం బొగ్గు, చమురు దహనం. ఒక టన్ను ఉక్కు తయారీకి ప్రపంచ సగటున సుమారు రెండు టన్నుల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. అంటే విశాఖపట్నం ఈ ఓడలో రెండు అంతస్తులలోనూ ఉన్నది. రంధ్రం చేసేవారిలో దానికి భాగమున్నది, మునిగేవారిలో కూడ దానికి భాగమున్నది.

దీవుల అనుభవం

ఈ రెండవ భాగం మాత్రమే ఉన్న ప్రజలు కూడ లోకంలో ఉన్నారు. మాల్దీవులలో సుమారు 1200 చిన్న దీవులున్నవి. నేల సగటు ఎత్తు సముద్రమట్టానికి సుమారు ఒకటిన్నర మీటర్లు. ప్రపంచ కాలుష్యంలో ఆ ముస్లిం దేశపు వాటా లెక్కలోకి రానంత స్వల్పం. 1987 ఏప్రిల్‌లో పెద్ద అలలు రాజధాని మాలేను ముంచినవి. 1989 నవంబరులో మాల్దీవుల ప్రభుత్వం చిన్న దేశాల సమావేశాన్ని ఏర్పాటు చేసి, సముద్రమట్టం పెరుగుదలపై మాలే ప్రకటన వెలువరించింది. పెద్ద దేశాలు ఈ విషయాన్ని ఇంకా సందేహిస్తున్న రోజులలో చిన్న దీవులు ముందుగా నోరు విప్పినవి. జపాన్ సహాయంతో మాలే చుట్టూ కాంక్రీటు అడ్డుకట్ట లేచింది. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో అది రాజధానికి కొంత రక్షణనిచ్చింది.

కాని మాల్దీవుల చరిత్రలో రెండవ పాఠం కూడ ఉన్నది. ఇళ్లు కట్టుకోవడానికి అక్కడివారు చాలాకాలం చుట్టూ ఉన్న పగడపు దిబ్బలనే తవ్వుకున్నారు. పగడపు దిబ్బ అలల బలాన్ని విరిచే సహజమైన గోడ. దానిని తవ్విన చోట తరువాత ఎంతో ఖర్చుతో కృత్రిమమైన గోడ కట్టవలసి వచ్చింది. బయటివారి తప్పు ఎంత పెద్దదైనా, సొంత ఇంటి అడుగు చెక్కను కాపాడుకొనే బాధ్యత తప్పదని ఇది తెలుపుతుంది.

తూర్పు ఆఫ్రికా తీరంలో జాంజిబార్‌కు చెందిన పెంబా వద్ద మిసాలి అనే చిన్న దీవి ఉన్నది. నమాజు చేసే చాప పేరు మీదుగా దానికి ఆ పేరు వచ్చిందని అక్కడివారి నమ్మకం. జాలరులలో దాదాపు అందరూ ముస్లింలే. కొందరు మందుగుండు పేల్చి చేపలు పట్టడం వలన పగడపు దిబ్బలు నాశనమవుతూ వచ్చినవి. 1998లో ప్రభుత్వం ఆ ప్రాంతాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. నిషేధం ఒక్కటే చాలలేదు. తరువాత ఇమాములు, మదరసా ఉపాధ్యాయుల ద్వారా, ప్రకృతి పట్ల మనిషి యజమాని కాదని, ఖలీఫా మాత్రమేనని ఇస్లామీయ దృష్టితో వివరించే కార్యక్రమం జరిగింది. అధికారి చెప్పినపుడు తలకెక్కని మాట, మస్జిదులో చెప్పినపుడు చాలామంది మనసుకు తాకింది.

విశాఖ జాలరులకు కూడ ఇటువంటి నిగ్రహం కొత్త కాదు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిలిపివేస్తారు. చేపలు గుడ్లు పెట్టే కాలమది. రెండు నెలల ఆకలిని భరించి పది నెలల వేటను కాపాడుకోవడం వారి జీవితంలో భాగమైనది. అందరికంటె పేదవాడు ఈ నిగ్రహాన్ని పాటిస్తున్నపుడు కలిగినవారికి మినహాయింపు ఉండరాదు.

ధర్మశాస్త్రం చూపిన దారి

ఇస్లామీయ ధర్మశాస్త్రంలో ఈ విషయానికి సంబంధించిన సూత్రాలు విస్తారంగా ఉన్నవి. వాటిలో మూడింటిని ప్రత్యేకంగా పేర్కొనవచ్చును.

మొదటిది హరీమ్. ఒకరు బావి తవ్వితే దాని చుట్టూ కొంత నేలలో మరొకరు బావి తవ్వరాదు. నలభై మూరల దూరం హదీసు గ్రంథాలలో కనిపిస్తుంది. నేల స్వభావాన్ని బట్టి ఫిఖహ్ పండితులు ఈ దూరాన్ని చర్చించారు. చేతితో తోడే కాలంలో నలభై మూరలు చాలినవి. వందల అడుగుల లోతున పంపులు నడిచే కాలంలో ఆ అంకె మారవచ్చును గాని దాని ఉద్దేశం మారదు. నీటిపై హక్కు ఉన్నదంటే పొరుగువాని నీటిని ఇంకించే హక్కు ఉన్నదని అర్థం కాదు.

రెండవది హిమా. ప్రజలందరి మేలు కోసం కొంత నేలను వ్యక్తుల వాడకం నుండి తప్పించి రక్షించడం దీని అర్థం. ఇస్లాంకు పూర్వం బలవంతులు తమ మందల కోసం పచ్చిక భూములను ఆక్రమించేవారు. దైవప్రవక్త (స) ఆ పద్ధతిని రద్దుచేసి, ప్రజాప్రయోజనానికే దానిని పరిమితం చేశారు. మదీనా పరిసరాలలో చెట్లు నరకడం, జంతువులను వేటాడడం నిషేధించారు. ఎర్రమట్టి దిబ్బలు, కంబాలకొండ, మేఘాద్రిగెడ్డ ఒడ్డున మిగిలిన మడ చెట్లు ఈ దృష్టితో చూడవలసినవి. 1991 ఫిబ్రవరిలో భారత ప్రభుత్వం తొలిసారి వెలువరించిన తీర నియంత్రణ ఉత్తరువు సారాంశం కూడ ఇదే. పోటునీటి గీత నుండి 500 మీటర్ల వరకు కట్టడాలను అది అదుపులో ఉంచింది. తరువాతి సవరణలలో కొన్ని నిబంధనలు సడలినవి. సముద్రం మాత్రం సడలింపు ఇవ్వడం లేదు.

మూడవది, హాని చేయరాదు, హానికి హాని బదులుగా చేయరాదు అనే ప్రసిద్ధ సూత్రం. అడ్డుకట్ట కట్టినవారు ఆపిన ఇసుకను దాటించాలనడానికి, లోతైన బోరు వేసినవారు వాననీటిని తిరిగి నేలకు ఇవ్వాలనడానికి, పొగ వదలినవారు పరిహారం చెల్లించాలనడానికి ఇదే ఆధారం. లాభం ఒకరికి, నష్టం మరొకరికి అయినపుడు నష్టపోయినవానికి సహనం బోధించడం న్యాయం కాదు. 2015 ఆగస్టులో ఇస్తాంబుల్‌లో సమావేశమైన ముస్లిం పండితులు వాతావరణ మార్పుపై వెలువరించిన ప్రకటన, సంపన్న దేశాలు, చమురు ఉత్పత్తి దేశాలు ముందుగా బాధ్యత వహించాలని కోరింది. ముస్లిం దేశాలను కూడ అందులో మినహాయించలేదు.

మస్జిదు నుండి మొదలుపెట్టవలసినది

ఇసుకను దాటించడం పోర్టుల పని. పొగను తగ్గించడం కర్మాగారం పని. నిబంధనలు కాపాడడం ప్రభుత్వం పని. ఇవి సామాన్యుని చేతిలో లేవు గదా అనే ప్రశ్న సహజం. కాని ఒక మొహల్లా చేతిలో ఉన్నది కూడ తక్కువేమీ కాదు.

దైవప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో, అంటే లీటరుకు మించని కొలతతో, వుజూ చేసేవారని హదీసులు తెలుపుతున్నవి. నేడు కుళాయి తెరిచి ఉంచి వుజూ చేస్తే ఐదారు లీటర్లు సులభంగా పోతవి. ఒక మస్జిదులో రోజుకు 300 మార్లు వుజూ జరుగుతుందనుకుంటే, ఒక్కొక్కసారి ఐదు లీటర్లు ఆదా అయినా రోజుకు 1500 లీటర్లు మిగులుతవి. ఏడాదికి అది సుమారు ఐదున్నర లక్షల లీటర్లు. ఇక మస్జిదు కప్పు 200 చదరపు మీటర్లు ఉంటే, 1000 మిల్లీమీటర్ల వర్షానికి దానిపై పడే నీరు రెండు లక్షల లీటర్లు. అందులో నాలుగింట మూడు వంతులను గొట్టాల ద్వారా ఇంకుడు గుంటకు చేర్చినా లక్షన్నర లీటర్లు నేలలోకి దిగుతవి. వుజూ నీరు సబ్బు కలవనిది గనుక దానిని ప్రాంగణంలోని చెట్లకు మళ్లించవచ్చును. వక్ఫ్ భూములు, ఖబరస్తాన్ల హద్దుల వెంట వేప, కానుగ నాటి, మూడు వేసవుల వరకు నీరు పోసే బాధ్యతను పేరు పేరునా అప్పగించవచ్చును.

ఈ లెక్కలు చిన్నవిగా కనిపించవచ్చును. వీటి వలన మాత్రమే సముద్రం ఆగదు. కాని తన వాటాలోని రంధ్రాన్ని ముందుగా పూడ్చుకున్నవానికి, పక్కవాని చేయి పట్టుకొని ఆపే అర్హత లభిస్తుంది. తీరంలో తవ్విన ఇసుక ఎంత, ఉత్తరపు ఒడ్డుకు చేరినది ఎంత అని ఏటా అడగడం, గెడ్డలపై ఆక్రమణలను గురించి వార్డు సభలలో ప్రశ్నించడం, కోతకు గురైన జాలరిపేట ప్రజల పక్షాన నిలవడం మతభేదం లేకుండా నగరవాసులందరి విధి. దర్గా, చర్చి, దేవాలయం ప్రక్కప్రక్కన ఉన్న ఆ మూడు కొండల పాదాలను తాకే సముద్రం ఒక్కటే.

అమానత్ అంటే తిరిగి అప్పగించవలసిన సొమ్ము. విశాఖ తీరాన్ని నేటి తరం తన పూర్వుల నుండి ఇసుకతోను, తియ్యని బావులతోను, చెట్లున్న కొండలతోను పొందింది. తరువాతి తరానికి గోడలు, ఉప్పునీరు, బోడి గుట్టలు అప్పగిస్తే, ఆ లెక్క అడిగేది ఆ పిల్లలు మాత్రమే కాదు.